పసిబిడ్డతో ఆట పనిలేని పనా?

తిరువూరు చుట్టుపక్కల ఊళ్ళలో మిరపకోతలు మొదలైతే చాలు, తెల్లవారేసరికి కూలీల ఆటోలు బయలుదేరతాయి. అంతకు ముందు పత్తితీతలు. వేసవి వస్తే మామిడితోటల పని. ఆ ఆటోలు ఎక్కేవారిలో చంటిబిడ్డను ఇంట్లో వదలి వెళ్ళే తల్లులు కూడా ఉంటారు. బిడ్డను నానమ్మ చూసుకొంటుంది, లేదా అమ్మమ్మ చూసుకొంటుంది, ఒక్కోసారి ఏడెనిమిదేళ్ళ అక్క చూసుకొంటుంది. సాయంత్రం ఇంటికి రాగానే తల్లి అడిగే మొదటి మాట, "ఏడ్చాడా అత్తయ్యా?" అని. దానికి వచ్చే జవాబు, "నీ కొడుకు బంగారమమ్మా, పొద్దుటనుంచి కిక్కురుమనలేదు. ఉయ్యాల్లో వేసింది వేసినట్టే ఉన్నాడు."

తల్లి సంతోషిస్తుంది. మనమందరమూ సంతోషిస్తాము. ఏడవని బిడ్డ, ఎత్తుకోమనని బిడ్డ, ఎక్కడ పడుకోబెడితే అక్కడే ఉండే బిడ్డ మన దృష్టిలో బుద్ధిమంతుడు. కాని ప్రియ పాఠకులారా, రోజంతా తనతో ఒక్కరూ మాట్లాడకపోయినా ఊరకున్న బిడ్డను చూసి మనం సంతోషించవలసిన పని లేదు. ఆ బిడ్డ కడుపు నిండి ఉండవచ్చు, ఒళ్ళు శుభ్రంగా ఉండవచ్చు. బుద్ధికి కావలసిన ఆహారం మాత్రం ఆ రోజు అందలేదు.

పుట్టిన బిడ్డ మెదడు పెద్దవారి మెదడులో ఇంచుమించు పావు వంతు ఉంటుంది. రెండేళ్ళు నిండేసరికి ముప్పావు వంతుకు పెరుగుతుంది. ఒంట్లో మరే అవయవమూ ఆ రెండేళ్ళలో ఇంత వేగంగా పెద్దవారి కొలతకు చేరదు. పెరగడమంటే బరువు ఒక్కటే కాదు. మెదడులోని కణాలు ఒకదానితో ఒకటి కలుస్తూ దారులు వేసుకొంటాయి. మన పొలాల్లో కాలిబాట ఎలా పడుతుందో గుర్తుచేసుకోండి. ఎవరూ పారతో తవ్వరు, కొలత వేయరు. పదిమంది పదిసార్లు నడిస్తే గడ్డి అణగి బాట పడుతుంది. నడక మానేస్తే ఒక్క వానాకాలంలో మళ్ళీ గడ్డి కమ్మేస్తుంది. బిడ్డ బుర్రలో దారులు కూడా అలాగే పడతాయి. మాట వినబడిన కొద్దీ మాట దారి, ముఖం చూసిన కొద్దీ మనుషులను గుర్తుపట్టే దారి, చేతికి వస్తువు అందిన కొద్దీ పట్టుకొనే దారి. నడకలేని దారులు మూసుకుపోతాయి.

మరి ఆ నడక ఏమిటి? ఆటే. ఆట అనగానే బొమ్మలు, బండ్లు అనుకోకండి. మూడు నెలల బిడ్డకు అమ్మ ముఖాన్ని మించిన బొమ్మ లేదు. పుట్టిన కొత్తలో బిడ్డకు దూరపు వస్తువులు స్పష్టంగా కనబడవు. అడుగు లోపు దూరంలో ఉన్నదే బాగా కనబడుతుంది. ఒళ్ళో పాలు తాగే బిడ్డ కళ్ళకూ తల్లి ముఖానికీ మధ్య ఉండే దూరం దాదాపు అంతే! దేవుడు ఎంత లెక్కగా అమర్చాడో చూడండి.

ఇందులో అసలు కిటుకు ఒకటుంది. బిడ్డ "ఉంగా" అంటే మనం "ఊఁ, అవునా నాన్నా, ఆకలేసిందా?" అనాలి. అని ఊరుకోకూడదు, ఊరుకోవాలి కూడా! అంటే, ఒక మాట అని, బిడ్డ జవాబు కోసం కాసేపు ఆగాలి. పక్కింటి వదినతో మాట్లాడేటప్పుడు ఆమెను మాట్లాడనివ్వమా? అలాగే. నాలుగైదు లెక్కపెట్టేంతసేపు కళ్ళలోకి చూస్తూ ఆగితే, కాళ్ళు తన్ని, నోరు తెరచి, బిడ్డ మరో "ఉంగా" అంటుంది. అది జవాబే. మాట ఇచ్చి మాట పుచ్చుకోవడం అక్కడే మొదలవుతుంది. మనలో చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, బిడ్డను ఆడించాలని గిలక ఆపకుండా వాయిస్తాము, చిటికెలు ఆపకుండా వేస్తాము. బిడ్డ వంతు రానివ్వము.

ఆ జవాబు రాకపోతే బిడ్డ ఏమవుతుందో 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు చూపించాడు. తల్లిని బిడ్డతో కాసేపు మామూలుగా ఆడమన్నాడు. తరువాత రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ కదలికా లేకుండా, బిడ్డనే చూస్తూ, బొమ్మలాగా ఉండమన్నాడు. బిడ్డ మొదట నవ్వి చూసింది. అమ్మ నవ్వలేదు. చేతులు చాపింది, కూతపెట్టింది. అమ్మ కదలలేదు. చివరికి ముఖం తిప్పుకొని ఏడుపుకు దిగింది. ఆ తల్లులు దుర్మార్గులు కారు, చెప్పినట్టు చేశారు, అదీ రెండు నిమిషాలే. ఇప్పుడు మన ఇళ్ళలో సెల్‌ఫోను చూస్తూ బిడ్డకు పాలిచ్చే తల్లి ముఖం ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. ఈ మాట తల్లులకు మాత్రమే చెప్పడం లేదు. సాయంత్రం మంచం మీద పడుకొని ఫోనులో మునిగిపోయే తండ్రులు ఇంకా ఎక్కువమంది ఉన్నారు.

ఈ విషయంలో మన పాతకాలపు నానమ్మలకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. పెద్దామె పీటమీద కూర్చొని, కాళ్ళు చాపి, వాటిమీద బిడ్డను వేసుకొని స్నానం చేయించడం చూశారు కదా. నూనె రాస్తూ "ఇది ఎవరి కాలు? ఇది ఎవరి చెయ్యి? ఈ బొజ్జ ఎవరిది?" అని ప్రతి అవయవాన్నీ పేరుపెట్టి పిలుస్తుంది. గోరువెచ్చని నీళ్ళు పోస్తూ రాగం తీస్తుంది. బిడ్డ కళ్ళు ఆమె ముఖాన్ని వదలవు. స్పర్శ, మాట, పాట, చూపు నాలుగూ ఒక్క అరగంటలో! చదువుకొన్న కోడళ్ళు కొందరు దీన్ని మోటుతనం అనుకొంటున్నారు. మోటుతనం కొంత ఉన్న మాట నిజమే. చెవుల్లోనూ ముక్కులోనూ నూనె పోయడం, తల గుండ్రంగా రావాలని నొక్కడం, కాళ్ళు పట్టుకొని తలక్రిందులుగా ఊపడం ప్రమాదకరం, అవి మానాలి. సాంబ్రాణి పొగ కూడా లేత ఊపిరితిత్తులకు మంచిది కాదు. కాని వాటితో పాటు ఆ మాటలనూ, ఆ రాగాన్నీ మానేసి, రెండు నిమిషాల్లో స్నానం ముగించడం తవుడుతో పాటు బియ్యాన్ని కూడా పారబోయడమే.

ఇదంతా నానమ్మల మీద అభిమానంతో అంటున్నానని అనుకోవద్దు. దీనికి రుజువు మనకు దూరమేమీ కాని నల్గొండ జిల్లాలోనే ఉంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్ గారు, మరికొందరు పరిశోధకులు కలసి, ఉమ్మడి రాష్ట్రం ఉన్న రోజుల్లో అక్కడ 60 గ్రామాలను ఎన్నుకొన్నారు. మనవంటి ఊళ్ళే, మనవంటి కూలి కుటుంబాలే. మూడు నెలల వయసు నుండి పదిహేను నెలల వరకు బిడ్డలను గమనించారు. ఒక భాగం గ్రామాలలో అంగన్‌వాడీ ద్వారా ఎప్పుడూ అందే సేవలే అందాయి. రెండవ భాగంలో, తర్ఫీదు పొందిన గ్రామస్త్రీలు రెండు వారాలకొకసారి ఇంటికి వెళ్ళి, తల్లిపాలు ఎలా ఇవ్వాలి, ఆరు నెలల తరువాత ఏమి తినిపించాలి అనే సంగతులు నేర్పారు. మూడవ భాగంలో ఆ తిండి సంగతులతో పాటు, బిడ్డ సైగలను కనిపెట్టి ఎలా తినిపించాలో, ఎలా మాట్లాడాలో, సాదా ఆటవస్తువులతో ఎలా ఆడించాలో కూడా నేర్పారు. ఫలితాలు 2013లో ప్రచురించారు. ఆట కూడా నేర్పిన గ్రామాల బిడ్డలకు, మామూలు సేవలు మాత్రమే అందిన గ్రామాల బిడ్డలకంటే బుద్ధి వికాసపు పరీక్షలో సగటున 3 మార్కులు ఎక్కువ వచ్చాయి. మూడు మార్కులేనా అనవచ్చు. పెద్ద ఖర్చు లేదు, పెద్ద చదువులు లేవు, పదిహేను నెలలు నిండని పసివాళ్ళు. నేర్పినవారు కూడా డాక్టర్లు కారు, ఆ ఊరి స్త్రీలే.

ఆ మూడు మార్కులు పెద్దయ్యాక దేనికి పనికివస్తాయని అడిగేవారికి జమైకా దేశపు సంగతి చెప్పాలి. కింగ్‌స్టన్ నగరపు పేదవాడల్లో 1986, 87 సంవత్సరాలలో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు, ఆమెతో పనిచేసేవారు ఎదుగుదల తగ్గిన 129 మంది చిన్నపిల్లలను తీసుకొన్నారు. వారిలో దాదాపు సగంమంది ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వారానికొకసారి, రెండేళ్ళపాటు వెళ్ళి, ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో తల్లీబిడ్డలను ఆడించారు. ఇరవై ఏళ్ళు గడిచాక వెదకి చూస్తే, అలా ఆడిన పిల్లలు ఆడని పిల్లలకంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. ఈ లెక్క 2014లో బయటకు వచ్చింది. కూలి డబ్బు కోసమే కదా తల్లి పొలానికి వెళ్ళేది? బిడ్డతో ఆడే అరగంట కూడా ఆ ఇంటికి ఆదాయమే. కాకపోతే ఇరవై ఏళ్ళ తరువాత చేతికి వస్తుంది.

"ఎత్తుకొంటే చేతి అలవాటు పడతాడు, తరువాత పని చేసుకోనివ్వడు" అని పెద్దలు హెచ్చరిస్తారు. మొదటి సంవత్సరంలో ఏడ్చిన బిడ్డను ఎత్తుకొన్నందువలన బిడ్డ చెడిపోడు. పిలిస్తే పలికేవారున్నారనే ధైర్యం ఏర్పడి, మెల్లగా తనంతట తాను ఆడుకోవడం నేర్చుకొంటాడు. మరికొందరు దిష్టి భయంతో బిడ్డను నలుగురిలోకి తీసుకురారు, ముద్దుగా మాట్లాడనివ్వరు. దేవుని బిడ్డలమైన మనకు దిష్టి భయమెందుకు? యెషయా గ్రంథం 66వ అధ్యాయం 12వ వచనం తెరచి చూడండి. తన ప్రజలను ఎలా ఆదరిస్తాడో చెప్పడానికి ప్రభువు ఎన్నుకొన్న ఉపమానం ఏమిటో తెలుసా? చంకనెక్కిన బిడ్డ, మోకాళ్ళ మీద ఆడే బిడ్డ. బిడ్డను మోకాళ్ళ మీద ఆడించడం తక్కువ పని అయితే ప్రభువు తన ప్రేమను దానితో పోల్చి ఉండేవాడా?

తీరిక లేదనేది మాత్రం నిజమైన కష్టం. దానికి తేలిక జవాబు నా దగ్గర లేదు. కాని బిడ్డకు వేరే ఆటవేళ పెట్టనక్కరలేదు. స్నానం, పాలు, తిండి, గుడ్డలు మార్చడం ఎలాగూ చేసే పనులే. అవి నోరు మూసుకొని చేయకుండా మాట్లాడుతూ చేస్తే చాలు. వంట చేసేటప్పుడు బిడ్డను పొయ్యికి దూరంగా చాపమీద మీకు కనబడేటట్టు వేసి, "ఇదిగో ఉల్లిపాయ, అబ్బో ఘాటు!" అని చెప్పండి. అర్థం కాదు కదా అంటారేమో. వినకుండా అర్థం ఎలా అవుతుంది? మెలకువగా ఉన్నప్పుడు రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టండి. ఇంకా పాకని బిడ్డను రోజు మొత్తం మీద అరగంటైనా అలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కొంచెం కొంచెంగా, ఎవరైనా దగ్గర ఉండి చూస్తూ ఉండగానే. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలానే.

ఫోను గురించి కూడా అదే సంస్థ అప్పుడే చెప్పింది. రెండేళ్ళలోపు పిల్లలకు ఫోను, టీవీ తెరలు చూపవద్దని. క్రైస్తవ పాటలే కదా పెడుతున్నాము అని కొందరు అక్కయ్యలు అంటారు. పాట మంచిదే, తెరతో అవసరం లేదు. మీ గొంతు బాగుండకపోయినా ఫరవాలేదు, బిడ్డకు లోకంలో దానిని మించిన గొంతు లేదు. ఫోను పాడుతుంది గాని బిడ్డ "ఉంగా" అంటే ఆగి జవాబు చెప్పదు.

ఏ భాషలో మాట్లాడాలని అడుగుతారు. మీ ఇంటి భాషలోనే. తండాల్లోని తల్లులు లంబాడీలో మాట్లాడితే బిడ్డ వెనుకబడిపోతుందనే భయం అక్కరలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పడంకంటే, మనసులోనుండి వచ్చే భాషలో నలభై మాటలు చెప్పడం మేలు. తెలుగు బడిలో వస్తుంది, ఇంగ్లీషూ వస్తుంది.

ఇక బొమ్మల సంగతి. 2022లో జిల్లాలు మారి తిరువూరు ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చింది. బొమ్మలకు పేరుపడ్డ కొండపల్లి కూడా ఈ జిల్లాలోదే. పొణికి చెక్కతో చేసే ఆ బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి గాని అవి అలంకారానికి. ప్రతిదీ నోట్లో పెట్టుకొనే బిడ్డకు రంగు వేసిన బొమ్మ ఇవ్వకపోవడమే మంచిది. స్టీలు గ్లాసు, గరిటె, నున్నటి కొబ్బరిచిప్ప, మూత ఉన్న గిన్నె, ఉతికిన గుడ్డముక్క చాలు. మంచినీళ్ళ సీసాలో గుప్పెడు కందులు పోసి మూత గట్టిగా బిగిస్తే గిలక తయారు. మూత ఊడుతుందేమో రోజూ చూసుకోండి. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. పురుగుమందు డబ్బాను, సీసాను ఎన్నిసార్లు కడిగినా సరే బిడ్డ చేతికి ఇవ్వకూడదు. పత్తి, మిరప వేసే మన ప్రాంతంలో ఇది మాటవరసకు చెప్పేది కాదు. చింతగింజలు, శనగలు, పూసలు, గడియారాల్లో వేసే బిళ్ళ బ్యాటరీలు బిడ్డకు అందకుండా ఉంచండి.

ఎనిమిది తొమ్మిది నెలలకు వచ్చే ఆట దోబూచులు. ముఖం మీద కొంగు కప్పుకొని "అమ్మేదీ?" అని, తీసి "ఇదిగో!" అంటే బిడ్డ కేరింతలు కొడుతుంది. మనకు విసుగు వస్తుంది గాని బిడ్డకు రాదు. ఎందుకో తెలుసా? అంతవరకు బిడ్డకు కళ్ళ ముందు లేనిది లోకంలోనే లేదు. కనబడకపోయినా ఉంది, పోయినది తిరిగి వస్తుంది అనే సంగతి ఈ వయసులోనే గట్టిగా తెలుస్తూ ఉంటుంది. పనికి వెళ్ళే తల్లులకు ఈ ఆట ఎంతో అవసరం. చాలామంది బిడ్డ ఏడుస్తుందని, అటు తిప్పి ఇటు దొంగచాటుగా ఆటో ఎక్కేస్తారు. అలా చేయకండి. ముద్దుపెట్టి, చెయ్యి ఊపి, "సాయంత్రం వస్తాను నాన్నా" అని చెప్పి వెళ్ళండి. ఏడిస్తే ఏడవనివ్వండి. సాయంత్రం రాగానే మొదట బిడ్డను పలకరించండి. రోజూ వెళ్ళి రోజూ వచ్చే అమ్మ, కొంగు చాటున దాగి బయటకు వచ్చే అమ్మ ఒక్కరేనని బిడ్డ నేర్చుకొంటుంది.

తండ్రుల మాట మరచిపోలేదు. హోషేయ 11వ అధ్యాయం 3వ వచనంలో ప్రభువు ఎఫ్రాయిముకు నడక నేర్పిన సంగతి ఉంది, చేతులు పట్టుకొని నడిపించిన తండ్రిలాగా. మన ఊళ్ళలో మగవాడు చంటిబిడ్డను ఎత్తుకొని బజారుకు వస్తే నవ్వే రోజులు పోతున్నాయి, మంచిదే. అయితే తండ్రులకు ఒక మనవి. పసిబిడ్డను గాలిలోకి ఎగరేసి పట్టుకోవడం, భుజాలు పట్టుకొని గట్టిగా ఊపడం వద్దు. మెడ నిలబడని బిడ్డకు గట్టి ఊపు వలన మెదడులో రక్తనాళాలు చిట్లే ప్రమాదముంది.

మన పెద్దలు బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచేవారు. తీపి తినడానికే అనుకొంటాము గాని, ఊరంతా బిడ్డ ఎదుగుదలను లెక్కపెట్టుకొనే పద్ధతి అది. బొబ్బట్లు ఆలస్యమైతే ఎవరో ఒకరు అడిగేవారు. ఇప్పుడు ఆ లెక్క బొమ్మలతో సహా మీ ఇంట్లో ఉన్న తల్లీబిడ్డ కార్డులోనే ఉంది, తీసి చూడండి. పెద్ద చప్పుడుకు ఉలికిపడని బిడ్డ, మూడు నెలలు దాటినా ముఖం చూసి నవ్వని బిడ్డ, తొమ్మిది నెలలకు ఆసరా ఇచ్చినా కూర్చోని బిడ్డ, ఏడాదికి పేరు పిలిస్తే తిరిగి చూడని బిడ్డ ఉంటే, "వాళ్ళ నాన్నకూ ఆలస్యమే" అని ఊరుకోకుండా ఏ.ఎన్.ఎం.కు చెప్పి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. వినికిడి లోపం ఎంత త్వరగా తెలిస్తే అంత మేలు. ఇటువంటి పరీక్షల కొరకే 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. 2018లో మొదలైన మరో కార్యక్రమం ప్రకారం ఆశా కార్యకర్త బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలప్పుడు ఇంటికి రావాలి. పుట్టిన దగ్గరనుండి మూడేళ్ళ వరకు ఏ ఆటలు ఆడించాలో తెలిపే 'నవచేతన' అనే పుస్తకాన్ని కేంద్ర ప్రభుత్వం 2024లో విడుదల చేసింది. అంగన్‌వాడీకి బాలామృతం కోసం వెళ్ళినప్పుడు టీచరమ్మను దాని గురించి అడగండి.

కాన్పు తరువాత కొందరు తల్లులు మూగబోతారు. బిడ్డను చూసినా నవ్వు రాదు, ఊరకనే కన్నీళ్ళు వస్తాయి. ఆడపిల్ల పుట్టిందని ఇంట్లో ఒక మాట పడితే అది ఇంకా ఎక్కువవుతుంది. అటువంటి తల్లికి "బిడ్డతో ఆడు" అని ఉపదేశం చేయవద్దు. అది విశ్వాసం లేకపోవడమూ కాదు, సోమరితనమూ కాదు, జబ్బు. డాక్టరుకు చూపించాలి. ఆమె కోలుకొనేవరకు బిడ్డతో నవ్వే ముఖాలు వేరేవారివి కావాలి. స్త్రీల సమాజం వారు వంతులు వేసుకొని వెళ్ళి, ఒకరు ఆమె పక్కన కూర్చొని, ఒకరు బిడ్డను ఆడిస్తే, ఇది ప్రార్థన కూడికకు ఏమాత్రం తీసిపోదు. అన్నట్టు, ఆదివారం ఆరాధనలో ప్రసంగం మధ్య బిడ్డ "ఉంగా" అంటే వెనక్కి తిరిగి కళ్ళెర్రజేసే పెద్దలు కొంచెం ఓర్చుకోవాలి.

ఒక కూలి తల్లి అడిగిన ప్రశ్న నన్ను చాలారోజులు వదలలేదు. "రోజంతా మిరపకాయలు కోసి వస్తానండీ, చేతులు నిప్పుల్లా మండుతుంటాయి. ముట్టుకొంటే బిడ్డ ఒళ్ళు మండుతుంది. ఎట్లా ఎత్తుకోను, ఎట్లా ఆడించను?" నిజమే. నూనె రాసి, సబ్బుతో ఒకటికి రెండుసార్లు కడిగినా ఆ మంట వెంటనే పోదు. ఆమెకు నేను చెప్పగలిగింది ఇంతే. బిడ్డను నానమ్మ ఒళ్ళోనే ఉండనివ్వమ్మా. నువ్వు ఎదురుగా, అడుగు దూరంలో, చేతులు వెనక్కి పెట్టుకొని కూర్చో. పొలంలో ఏమేమి చూశావో చెప్పు. చెప్పి, ఆగు. ఏమంటాడో విను.

వారం తరువాత కనబడి అంది, "చాలా కబుర్లు చెబుతున్నాడండీ."